నల్ల కారు, 11 ఫ్రేములు

కారు ఒంటి మీద మనకు కనిపించే రంగులో చాలా భాగం దాని సొంతం కాదు. బానెట్ మీద కనిపించేది ఆకాశం, తలుపుల మీద కనిపించేది ఎదుటి నేల, పక్క అద్దాల్లో కదిలేవి ఎక్కడో దూరాన ఉన్న చెట్లు. నల్ల కారును ఫొటో తీయబోయినప్పుడు ఈ సంగతి తెలిసివచ్చినంతగా మరే రంగు కారు దగ్గరా తెలిసిరాదు. రంగు మీద పూసే పారదర్శకమైన క్లియర్ కోట్ ఈ విషయంలో గాజు లాంటిది. వెలుగు దాని మీద నిటారుగా పడినప్పుడు సుమారు 4 శాతం మాత్రమే అద్దంలో నుంచి వచ్చినట్లు వెనక్కి వస్తుంది. తెల్ల కారుకైతే ఆ పొర అడుగున ఉన్న తెలుపే తన మీద పడిన వెలుగులో అధికభాగాన్ని తిప్పి పంపుతుంది కాబట్టి ఈ 4 శాతం అందులో కలిసిపోయి కంటికి ఆనదు. నల్ల కారు విషయంలో అడుగు నుంచి వచ్చేది దాదాపు శూన్యం గనుక ఆ 4 శాతమే మనం చూసే కారు. చూపు ఏటవాలుగా మారే కొద్దీ ఆ శాతం ఇంకా పెరుగుతూ పోతుంది. అందుకే కెమెరాను కిందికి దించి బానెట్ మీదుగా చూస్తే అది నిలువుటద్దంలా తోస్తుంది.

ఒక స్నేహితుడు తన నల్ల సెడాన్‌ను అమ్మేలోగా దానికొక మంచి ఫొటో మిగుల్చుకోవాలనుకున్నాడు. మొదటిసారి మిట్టమధ్యాహ్నం తీశాను. పైకప్పు మీద సూర్యుడు తెల్లని బొబ్బలా తేలాడు, కారు కింద నీడ తారు పోసినట్లు వచ్చింది, తుడిచినప్పుడు పడిన సన్నని సుడిగీతలన్నీ సాలెగూడులా మెరిశాయి. ఆ ఫొటోలను ఎడిటింగ్‌లో బాగు చేయాలని రెండు రాత్రులు కూర్చున్నాను కానీ, పడిన వెలుగే చెడ్డదైనప్పుడు ఎన్ని లేయర్లు (ఒకదాని మీద ఒకటి పరిచే ఫొటో పొరలు) పేర్చినా ఫలితం లేదని తేలింది. రెండోసారి సాయంత్రం, సూర్యుడు దిగిన తరువాత తీశాను. ఇప్పుడు నా దగ్గర ఉన్న ఫొటో ఆ సాయంత్రం తీసిన 11 ఫ్రేములను కలిపి చేసినది. ఆ 11 ఎందుకు అవసరమయ్యాయో, ఏది ఎక్కడ పనికొచ్చిందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

సూర్యుడు అస్తమించాక ఆకాశమంతా ఒకే పెద్ద దీపమవుతుంది. ఎక్కడా ఘాటైన చుక్క ఉండదు. దిగంతం దగ్గర కాంతి ఎక్కువగా, నడినెత్తిన తక్కువగా ఉంటూ ఒకదానిలోకి ఒకటి మెల్లగా కరిగిపోతుంది. కారు వంపుల మీద మనకు కావలసింది సరిగ్గా ఈ కరుగుదలే, ఎందుకంటే మెరిసే ఉపరితలం ఎలా వంగిందో కంటికి తెలియజేసేది దాని మీది ప్రతిబింబంలో వెలుగు తగ్గే తీరు. అయితే ఈ వెలుగు ఎక్కువసేపు నిలవదు. సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీల కిందికి చేరే వరకు ఉండే సంధ్యాసమయం భూమధ్యరేఖ దగ్గర 20 నిమిషాల పైచిలుకు మాత్రమే. ధ్రువాల వైపు పోయే కొద్దీ అది సాగుతుంది. ఆ కొద్ది సమయంలో వెలుగు సగానికి, మళ్లీ సగానికి పడిపోతూనే ఉంటుంది కాబట్టి స్థలం, కోణం, ట్రైపాడ్ ఎత్తు అన్నీ సూర్యుడు ఉండగానే నిర్ణయించుకుని సిద్ధంగా ఉండాలి.

స్థలం ఎంచుకునేటప్పుడు చాలామంది కారు వెనుక ఏముందో చూస్తారు. అంతకన్నా ముందు చూడవలసింది కెమెరా వెనుక ఏముందో. తలుపుల మీద పడేది ఆ దృశ్యమే. నా వెనుక ఖాళీ మైదానం, దాని చివర తక్కువ ఎత్తులో సమంగా సాగే దిగంతరేఖ ఉండేలా కారును నిలిపించాను. అప్పుడు ఆ రేఖ కారు పక్కభాగంలో ముందు చక్రం నుంచి వెనుక దీపం వరకు ఒక్క గీతగా పరుగెత్తింది; గీతకు పైన ఆకాశపు లేత వెలుగు, కింద నేల చీకటి. అదే చోట ఒక్క కరెంటు స్తంభం ఉన్నా ఆ గీత మధ్యలో విరిగేది. కారును నాలుగు అడుగులు ముందుకో వెనక్కో జరిపితే పోయే స్తంభాన్ని ఎడిటింగ్‌లో తుడవాలంటే గంట పడుతుందని అనుభవం మీద చెప్పగలను.

మిగిలిన ఏర్పాట్లు త్వరగా చెబుతాను. 85 మి.మీ. లెన్సుతో దూరం నుంచి తీశాను, ఎందుకంటే వైడ్ లెన్సుతో దగ్గరికి వెళితే ముందు చక్రం ఉబ్బి, వెనుక భాగం కుంచించుకుపోతుంది. కెమెరా హెడ్‌లైట్ల ఎత్తుకు కాస్త పైన ఉంది. ముందు చక్రాలను టైరు నేలను తాకే భాగం కాకుండా చక్రం ముఖం కెమెరాకు కనిపించేలా తిప్పించాను. దుమ్ము తుడవడానికి మెత్తని గుడ్డ ఒకటి చాలదు, రెండు కావాలి; ఒకటి తడిది, ఒకటి పొడిది. నీటిచుక్క ఆరిన మచ్చ నల్ల రంగు మీద ఎంత స్పష్టంగా వస్తుందో కంప్యూటర్ తెర మీద చూసేదాకా నమ్మలేం. నేను నల్ల చొక్కా వేసుకున్నాను. ఇది ఆడంబరం కాదు, తలుపులో నా బొమ్మ పడకుండా ఉండడానికి.

ఇక అసలు సమస్య. సంధ్యవేళ కూడా దిగంతం దగ్గరి ఆకాశానికీ కారు అడుగున ఉన్న నల్ల టైరుకూ మధ్య వెలుగులో ఉన్న తేడా చాలా పెద్దది. ఫొటోగ్రఫీలో ఆ తేడాను స్టాపుల్లో లెక్కిస్తారు. ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు కావడం లేదా సగం కావడం. నేటి మంచి కెమెరాల సెన్సర్లు తక్కువ ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందన స్థాయి) దగ్గర సుమారు 13, 14 స్టాపుల దాకా నమోదు చేయగలవు కానీ, అందులో అట్టడుగు స్టాపుల్లో ఉన్నది బొమ్మ కన్నా ఎక్కువగా గింజలు పోసినట్లుండే నాయిస్. ఆకాశం తెల్లబారకుండా తీస్తే టైరు నల్ల ముద్ద అవుతుంది. ఆ ముద్దను బలవంతంగా పైకి లేపితే రంగుగింజలు తేలుతాయి. టైరు కనబడేలా తీస్తే ఆకాశం కాగితమవుతుంది.

ఈ ఇబ్బంది కెమెరాతో పాటే పుట్టింది. 1850ల నాటి కొలోడియన్ ప్లేట్లు (రసాయనం పూసిన గాజుపలకలు) నీలికాంతికే ఎక్కువగా స్పందించేవి గనుక సముద్రానికి సరిపడా ఎక్స్‌పోజ్ చేస్తే పైన ఆకాశం పూర్తిగా తెల్లగా పోయేది. ఫ్రాన్సుకు చెందిన గుస్తావ్ లెగ్రే 1856, 1857 ప్రాంతంలో తీసిన కొన్ని సముద్రదృశ్యాల్లో ఆకాశానికి ఒక నెగటివ్, నీటికి మరొక నెగటివ్ వాడి, దిగంతరేఖ దగ్గర రెండింటినీ అతికి ఒకే ప్రింటు చేశాడు. మేమిప్పుడు కారు పైకప్పు అంచున చేసేది అదే పని. ఆయనకు తిన్నని గీత దొరికింది, మాకు వంకర గీత దొరికింది, అంతే తేడా.

కెమెరాను పూర్తిగా మాన్యువల్‌లో పెట్టాను: అపెర్చర్ (వెలుగు లోపలికి వచ్చే లెన్సు రంధ్రం) ఎఫ్/8, ఐఎస్ఓ 100, ఫోకస్ ముందు హెడ్‌లైట్ మీద కుదిర్చి ఆటోఫోకస్ తీసివేత, లెన్సులోని కుదుపు నివారణ ఆపివేత, వైట్ బ్యాలెన్స్ ఒకే అంకె మీద స్థిరం, ఫైళ్లు సెన్సర్ నమోదు చేసినది మార్చకుండా దాచే ‘రా’ రూపంలో. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య మారవలసింది షట్టర్ స్పీడ్ ఒక్కటే. అపెర్చర్ మారిస్తే ఫోకస్‌లో ఉండే లోతు మారి, వెనుక చెట్లు ఒక ఫ్రేములో మెత్తగా, మరొక ఫ్రేములో గట్టిగా వస్తాయి. అవి ఒకదాని మీద ఒకటి కూర్చోవు. ఐఎస్ఓ మారిస్తే నాయిస్ మారుతుంది. షట్టర్‌ను చేత్తో నొక్కకుండా రిమోట్ వాడాను, రిమోట్ లేని రోజుల్లో 2 సెకన్ల టైమర్‌తో గడిపాను. ట్రైపాడ్ కాళ్లు మెత్తని మట్టిలో ఉంటే పావుగంటలో ఒక మిల్లీమీటరు దిగడం ఖాయమని, వాటి కింద చదునైన రాతిపలకలు మూడు పెట్టాను.

మొదటి మూడు ఫ్రేములు మామూలు బ్రాకెటింగ్, అంటే ఒకే దృశ్యాన్ని వేర్వేరు వెలుగు మోతాదుల్లో తీయడం: 1/15 సెకను, 1/4 సెకను, 1 సెకను. ఒక్కొక్కటి ముందుదానికి రెండు స్టాపులు ఎక్కువ. కారు ఒళ్లు సరిగ్గా కనబడేది మధ్యది. 1/15 ఆకాశం కోసం. 1 సెకనుది టైర్లు, చక్రాల వెనుక గుంటలు, కారు కింది భాగం కోసం. చాలామంది 5, 7, 9 ఫ్రేములు తీస్తారు. తీయడం తప్పు కాదు, కానీ ఏ ఫ్రేము దేనికోసమో నొక్కేటప్పుడే చెప్పలేకపోతే ఎడిటింగ్ బల్ల దగ్గర కూడా చెప్పలేం. నా వరకు ప్రతి ఫ్రేముకూ ఒక పని ఉండాలి; పని లేని ఫ్రేమును నేను తీయను.

నాలుగో, అయిదో ఫ్రేములు పోలరైజర్‌వి. ఈ ఫిల్టర్ మొదటి నుంచీ లెన్సు మీదే ఉంది, దాని దిశ మాత్రమే మారింది. గాజు, క్లియర్ కోట్ లాంటి వాటి మీద ప్రతిఫలించిన వెలుగు ఒక దిశలో ఎక్కువగా కంపిస్తుంది; ఫిల్టర్‌ను సరైన దిశకు తిప్పితే ఆ వెలుగు ఆగిపోయి, కింద ఉన్న అసలు రంగు బయటపడుతుంది. 1815లో డేవిడ్ బ్రూస్టర్ కనుగొన్న లెక్క ప్రకారం గాజు లాంటి పదార్థం దగ్గర, ఉపరితలానికి నిటారుగా ఉండే గీతతో 56 డిగ్రీల కోణంలో చూసినప్పుడు ఇది అత్యంత బాగా పనిచేస్తుంది. చిక్కేమిటంటే బానెట్ పడుకుని ఉంటుంది, తలుపు నిలబడి ఉంటుంది. పడుకున్న తలం మీది ప్రతిబింబం అడ్డంగా కంపించే వెలుగు, నిలబడ్డ తలం మీదిది నిలువుగా కంపించే వెలుగు. కాబట్టి ఒకదాన్ని ఆపే దిశలో ఫిల్టర్ ఉంటే రెండోది నిరాఘాటంగా లోపలికి వస్తుంది. ఒకే ఫ్రేములో రెండింటినీ శుభ్రం చేయడం ఏ ఫిల్టర్ వల్లా కాదు. అందుకని మొదటి మూడు ఫ్రేముల్లో తలుపుల మీది దిగంతరేఖ చక్కగా నిలిచే దిశలో ఉంచి, నాలుగో దానిలో ముందు అద్దం లోపల స్టీరింగ్ కనిపించే దాకా తిప్పాను, అయిదో దానిలో బానెట్ నల్లగా శాంతించే దాకా తిప్పాను. ఫిల్టర్ ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుగు తినేస్తుంది. అన్ని ఫ్రేముల్లోనూ అదే ఉంది గనుక లెక్క తప్పలేదు. తిప్పేటప్పుడు మాత్రం రెండు వేళ్లతో, గాజుగాజులు సవరించినంత సుతారంగా తిప్పాలి, లేకపోతే కెమెరా చూపు జరుగుతుంది.

అల్లాయ్ చక్రాల మీద, క్రోమ్ పట్టీల మీద పోలరైజర్ ప్రభావం పెద్దగా కనిపించలేదు. లోహం మీది ప్రతిబింబం స్వభావం వేరు. ఇంకొక సంగతి: పక్క అద్దాలు, వెనుక అద్దం సాధారణంగా వేడి చేసి చల్లార్చి గట్టిపరచిన గాజుతో చేస్తారు, ఆ క్రమంలో గాజులో మిగిలిన ఒత్తిడి పోలరైజర్ గుండా చూస్తే చిరుతపులి మచ్చల్లా, ఒక్కోసారి ఇంద్రధనుస్సు రంగుల్లో కనిపిస్తుంది. రెండు గాజుపలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి చేసే ముందు అద్దంలో ఈ మచ్చలు ఉండవు. నాలుగో ఫ్రేము నుంచి ముందు అద్దాన్ని మాత్రమే తీసుకుని, పక్క అద్దాలను ముట్టకపోవడానికి కారణమదే.

ఆరో, ఏడో ఫ్రేములు హెడ్‌లైట్లు వెలిగించినవి. ఇక్కడ నేను గతంలో చేసిన పొరపాటు చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ ముందుగా చెప్పలేదు. అప్పుడు మరొక కారు. బ్రాకెట్ తీసిన తరువాత నేను వెళ్లి తలుపు తెరిచి, లోపల కూర్చుని, దీపాలు వేసి, బయటికి వచ్చి తలుపు మూసి, మళ్లీ తీశాను. ఇంటికి వచ్చి రెండు ఫ్రేములను ఒకదాని మీద ఒకటి పెట్టి పై లేయర్‌ను చూపిస్తూ దాస్తూ ఉంటే చెట్లు, నేల, దూరపు గోడ కదలకుండా ఉన్నాయి, కారు మాత్రం ఊపిరి తీసుకుంటున్నట్లు పైకీ కిందికీ కదులుతోంది. నా బరువుకు దిగిన సస్పెన్షన్ నేను దిగిన తరువాత పూర్తిగా పాత ఎత్తుకు రాలేదు. తేడా కొన్ని మిల్లీమీటర్లే. ఫొటోలో మూడు నాలుగు పిక్సెళ్లు. ఆ మూడు పిక్సెళ్లతో ప్రతి అంచూ జంట గీత అయింది. లేయర్లను తమంతట తాముగా సర్దే సదుపాయం కూడా వెనుక దృశ్యాన్ని చూసి సర్దింది గనుక ఏమీ చేయలేకపోయింది. చివరకు కారును విడిగా కత్తిరించి కిందికి జరపవలసి వచ్చింది. ఈసారి తాళంచెవి మీటతో దూరం నుంచే దీపాలు వెలిగే వీలుందో లేదో ముందే చూసుకున్నాము. ఉంది, తాళం తెరిస్తే కొద్దిసేపు వెలిగి ఆరతాయి. ఆ కొద్దిసేపు చాలు. ఇంజిన్ నడుస్తూ ఉంటే కారు అదురుతుంది కాబట్టి అది ఆగి ఉండడం కూడా మేలు.

హెడ్‌లైట్ ఫ్రేములు 1/60, 1/15 సెకన్ల దగ్గర తీశాను. మొదటి దానిలో దీపం లోపలి నిర్మాణం, చిన్న చిన్న గదులు, ఎల్ఈడీ గీత అంచులు కనబడతాయి. రెండో దానిలో దీపం చుట్టూ కొద్దిగా వెలుగు పొర వస్తుంది. ఇంతకన్నా వేగంగా పోకూడదు. చాలా ఎల్ఈడీ దీపాలు సెకనుకు వందలసార్లు వెలిగి ఆరుతూ ఉంటాయి. 1/1000 దగ్గర తీస్తే ఒక ఫ్రేములో దీపం సగం, మరొక ఫ్రేములో అసలే లేకుండా వస్తుంది. షట్టర్‌ను ఎలక్ట్రానిక్‌లో పెడితే పట్టీలు కూడా పడతాయి.

చివరి నాలుగు ఫ్రేములు బాగా చీకటి పడ్డ తరువాత తీసినవి. ఒక మీటరు పొడవున్న ఎల్ఈడీ లైటు బారును కారు పైకప్పుకు పైన, ఫ్రేముకు అవతల అడ్డంగా పట్టుకుని, షట్టర్ 8 సెకన్లు తెరిచి ఉండగా కారు పొడవునా సమాన వేగంతో నడవాలి. బారు నడిచిన దారి కారు మీద పొడవైన మెత్తని వెలుగుపట్టీగా మిగులుతుంది. చెయ్యి వణికితే ఆ పట్టీ అలలా వస్తుంది, నడక ఆగితే అక్కడ ముడి పడుతుంది. మొత్తం పదిహేనుసార్లు నడిచాను, పనికొచ్చినవి నాలుగు: పైకప్పు అంచుకు ఒకటి, పక్క బాడీ లైనుకు (తలుపుల పొడవునా సాగే మడత గీతకు) ఒకటి, ముందు బంపర్‌కు ఒకటి, చక్రాలకు ఒకటి.

ఎడిటింగ్‌లో మొదటి పని అన్ని రా ఫైళ్లకూ ఒకే సవరణలు ఇవ్వడం: లెన్సు వంకర సరిచేయడం, ఒకే రంగు ప్రొఫైల్, పదును సున్నా. వైట్ బ్యాలెన్స్ మాత్రం ఒకటిగా ఉంచితే కుదరలేదు. సంధ్య ముదిరే కొద్దీ వెలుగు నీలమవుతుంది. ఆ నీలానికి పక్కన లైటు బారు వెలుగు పసుపుగా తోస్తుంది. బారు ఫ్రేములను విడిగా చల్లబరచి, నల్ల రంగు మీద ఆ వెలుగు తెల్లగా కనిపించే దాకా సర్దాను. తరువాత రంగుల మధ్య సన్నని తేడాలను నిలిపే 16 బిట్‌లో ఫొటోషాప్‌లోకి లేయర్లుగా తెచ్చాను. 8 బిట్‌లో పని చేస్తే ఆకాశపు మెత్తని దిగుడులో మెట్లు పడతాయి. జింప్‌లో కూడా 2018లో వచ్చిన 2.10 వెర్షన్ నుంచి ఎక్కువ బిట్లలో పని చేయవచ్చు కాబట్టి ఈ పద్ధతికి ఫలానా సాఫ్ట్‌వేరే కావాలనేమీ లేదు.

అడుగున 1/4 సెకను ఫ్రేము. దాని మీద 1/15 ఫ్రేము, ఆకాశం కోసం. పై లేయర్‌కు నల్ల మాస్క్ ఇస్తే అది పూర్తిగా దాగిపోతుంది. మాస్క్ మీద తెల్ల బ్రష్‌తో పూసిన చోట మాత్రమే బయటికి వస్తుంది. దిగంతం దగ్గర చెట్లున్న చోట బ్రష్ పనికిరాదు, ఆకుల మధ్య సందులను ఎవరూ పూయలేరు. అక్కడ ఫొటోలోని వెలుగునే మాస్క్‌గా మార్చుకోవాలి: ఫొటోషాప్‌లో కంట్రోల్, ఆల్ట్, 2 కలిపి నొక్కితే ప్రకాశవంతమైన చోట్లు ఎక్కువగా, చీకటి చోట్లు తక్కువగా ఎంపికవుతాయి. ఆకాశం దానంతటదే ఎంపికలోకి వస్తుంది, ఆకులు తప్పుకుంటాయి. కారు పైకప్పు దగ్గర మాత్రం ఈ ఉపాయం మోసం చేస్తుంది, ఎందుకంటే కప్పు అంచున ప్రతిబింబించేది అదే ఆకాశం, దాని ప్రకాశం కూడా ఇంచుమించు అదే. అక్కడ పెన్ టూల్‌తో ముందు అద్దం మొదలు నుంచి వెనుక అద్దం చివరి దాకా చేత్తో గీత గీశాను.

ఈ గీత గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఫొటోను 200 శాతానికి పెంచి చూస్తే పైకప్పు అంచు కత్తితో కోసినట్లుండదు. రెండు పిక్సెళ్ల వెడల్పులో నలుపు ఆకాశంలోకి కలుస్తుంది. మాస్క్ అంచును అసలు మెత్తబరచకపోతే కారు కాగితం మీద కత్తిరించి అతికించినట్లు తేలుతుంది. అయిదారు పిక్సెళ్లు మెత్తబరిస్తే కప్పు చుట్టూ సన్నని వెలుగువలయం వస్తుంది, చూసేవాళ్లు దాన్ని వెంటనే పట్టేస్తారు. ఒక పిక్సెల్ దగ్గర ఆపి, గీతను అంచు నుంచి అర పిక్సెల్ లోపలికి, అంటే కారు వైపుకు జరిపాను. అంచు పొరపాటున నల్లబడితే కన్ను క్షమిస్తుంది, తెల్లబడితే క్షమించదు.

టైర్లకు, చక్రాల గుంటలకు 1 సెకను ఫ్రేమును 10 శాతం ఫ్లో (ఒక్కో పూతలో పడే రంగు మోతాదు) ఉన్న మెత్తని బ్రష్‌తో, ఒక్కో దెబ్బకు కొద్దికొద్దిగా పూశాను. టైరు మీది అక్షరాలు చదవడానికి వీలైన చోట ఆగాలి. ఇక్కడే ఎక్కువమంది చెయ్యి ఆగదు. కారు కింద నీడను కూడా తెరిచేస్తే కారుకు బరువు పోతుంది. నేల మీద నిలబడ్డట్లు కాకుండా గాలిలో వేలాడినట్లుంటుంది. టైరు నేలను తాకే చోట నలుపు నలుపుగానే ఉండాలి.

నాలుగో ఫ్రేము నుంచి ముందు అద్దాన్ని 60 శాతం బలంతోనే తీసుకున్నాను. పూర్తిగా తీసుకుంటే అక్కడ అద్దం లేనట్లే ఉంది, కిటికీ తెరిచి పెట్టిన ఇల్లులా. బానెట్‌కు అయిదో ఫ్రేము కూడా అంతే: మధ్యలో శాంతమైన నలుపు, అంచుల దగ్గర మొదటి ఫ్రేములోని ఆకాశపు జాడ. ప్రతిబింబాన్ని పూర్తిగా చంపితే వంపు కూడా చచ్చిపోతుంది, మిగిలేది రంగు వేసిన రేకు.

లైటు బారు ఫ్రేములకు మాస్క్‌తో పాటు లేయర్ పద్ధతిని లైటెన్‌కు మార్చాను. ఈ పద్ధతిలో పై లేయర్ కింది దానికన్నా ప్రకాశవంతంగా ఉన్న చోట మాత్రమే కనిపిస్తుంది. అందువల్ల నేను నడుస్తున్న నల్లని ఆకారం ఎక్కడా మిగలదు, పట్టీ మాత్రం మిగులుతుంది. బాడీ లైను పట్టీని 40 శాతానికి తగ్గించాను. తగ్గించని మొదటి ప్రయత్నంలో కారు షోరూములో నియాన్ గొట్టాల కింద ఉన్నట్లు, వెనుక మైదానం మాత్రం సాయంత్రంలో ఉన్నట్లు వచ్చింది. హెడ్‌లైట్లకు కూడా లైటెన్ పద్ధతే. 1/60 ఫ్రేము నుంచి లోపలి గీతలను, 1/15 ఫ్రేము నుంచి వెలుగు పొరను తెచ్చి, దీపం ముందు నేల మీద కొద్దిపాటి వెలుగు మిగిల్చాను. దీపం వెలుగుతూ నేల చీకటిగా ఉంటే అబద్ధం వెంటనే బయటపడుతుంది.

ఇదంతా చదివినవారు ఒక మీట నొక్కితే మూడు ఫ్రేములను కలిపే సాధనాలుండగా ఇంత శ్రమ ఎందుకని అడగవచ్చు. ఉన్నాయి, మంచివే. వేర్వేరు ఎక్స్‌పోజర్ల నుంచి దృశ్యంలోని అసలు వెలుగు విలువలను లెక్కగట్టే పద్ధతిని పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ 1997లో ప్రచురించారు. ఆ లెక్క లేకుండానే ప్రతి ఫ్రేములో బాగున్న పిక్సెళ్లను ఎంచి కలిపే పద్ధతి 2007లో మెర్టెన్స్, కౌట్స్, వాన్ రీత్‌ల నుంచి వచ్చింది, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఎన్‌ఫ్యూజ్ దాని మీదే నడుస్తుంది. ప్రకృతిదృశ్యాలకు నేనూ వాటినే వాడతాను. కారు దగ్గరికి వచ్చేసరికి వాటికి తెలియనిది ఒకటుంది: తలుపు మీది తెలుపు ఆకాశపు ప్రతిబింబమని, అది తెల్లగానే ఉండాలని. అన్ని చోట్లనూ సమంగా కనబడేలా చేయడం వాటి ధర్మం కాబట్టి ఆ తెలుపును దించుతాయి, పక్కనున్న నలుపును లేపుతాయి, మధ్యలో నల్ల కారు బూడిదరంగు కారవుతుంది.

అన్నీ అయ్యాక ఫొటోను అరచేతి పరిమాణానికి కుదించి, కుడిఎడమలు తిప్పి చూశాను. అలా చూస్తేనే ఏ భాగం మిగతా వాటితో పొసగలేదో తెలుస్తుంది. ముందు బంపర్ పట్టీ మరికాస్త తగ్గింది, ఆకాశం మరికాస్త చీకటి పడింది. ఫైలు మూసేయబోతూ వెనుక తలుపు కింది భాగాన్ని ఒకసారి పెంచి చూస్తే అక్కడ మూడు సన్నని గీతలు, పైన ఒక చిన్న పెట్టె: నా ట్రైపాడ్, నా కెమెరా. నల్ల చొక్కా వేసుకుని నన్ను దాచుకున్నాను కానీ వాటికి ముసుగు వేయలేదు. 11 ఫ్రేములనూ ఒక్కొక్కటిగా తెరిచి ఆ చోటును అరువు తెచ్చుకోవాలని చూశాను. ట్రైపాడ్‌ను కదపకూడదని రాతిపలకలు పెట్టి మరీ జాగ్రత్తపడిన పుణ్యాన అది అన్ని ఫ్రేముల్లోనూ సరిగ్గా అదే పిక్సెళ్ల మీద ఉంది. పక్కనున్న నలుపును తెచ్చి చేత్తోనే పూశాను.